బావ చేతికి పీహెచ్ ఎంత?

నా ముఖానికి 71 మార్కులు వచ్చాయి.

సెల్ఫీ దిగితే చర్మం ఎలా ఉందో చెబుతామనే యాప్ ఒకటి వేసుకున్నా. మిద్దె మీద నిలబడి ఫొటో దిగితే "తేమ తక్కువ, జిడ్డు ఎక్కువ, చర్మం వయసు 31" అంది. నాకు 26. బాధేసింది. కిందకి దిగి హాల్లో ట్యూబ్‌లైట్ కింద మళ్లీ దిగా. 84. ఈ మధ్యలో నేను చేసిన స్కిన్‌కేర్ అల్లా మెట్లు దిగడమే.

స్క్రీన్‌షాట్లు రెండూ ఫ్యామిలీ గ్రూపులో పెడితే అందరూ నవ్వారు. ఆళ్లగడ్డ నుంచి బావ మాత్రం నవ్వలేదు. ఒక ఫొటో పంపాడు. అరచెయ్యి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎండిన చెరువు నేలలా పగిలిపోయి ఉంది. ఒకచోట నెత్తురు కూడా. కింద మెసేజ్: "దీనికి ఎన్ని మార్కులో చూడరా అబ్బీ."

యాప్‌లో పెట్టా. "ముఖం కనబడలేదు, మళ్లీ ప్రయత్నించండి" అంది.

మా బావ శిల్పి. ఆళ్లగడ్డ పేరు వినగానే మీకు రాజకీయాలు గుర్తొస్తాయేమో గానీ, మాకు రాళ్లే గుర్తొస్తాయి. రోడ్డు పక్క షెడ్లలో సగం చెక్కిన హనుమంతులు, తల మాత్రమే తేలిన నందులు, పాలిష్ పట్టి నల్లగా మెరిసే అమ్మవార్లు. దేశం నలుమూలలకీ పోతాయి. ఆ పని చేతికి ఉలి, సుత్తి సరిగ్గా ఆనితేనే జరుగుతుంది. బావకి నెలన్నరగా పిడికిలి పూర్తిగా మూసుకోవడం లేదు. ఒక అపార్ట్‌మెంట్ పార్కులో పెట్టే బొమ్మల జతకి అడ్వాన్సు తీసుకుని ఉన్నాడు. డెలివరీ ఉగాదికి. అప్పటికి శివరాత్రి అయిపోయింది.

ఆ ఆదివారం నంద్యాలలో బస్సెక్కి, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ పోయా.

షెడ్డులో మొదట చూసింది బావ చేతుల్ని కాదు, ఆ చేతులు కడుక్కునే చోటుని. డ్రమ్ము పక్కన ఒక డబ్బాలో బట్టల పౌడరు. దాని పక్కనే చిన్న సీసాలో థిన్నర్. "ఇది చేతులకా బావా?" అంటే, "ఏం చేసేది రా, జిగురు పోవల్ల గదా" అన్నాడు. రాయి మూల విరిగితే అతికించడానికి, పగులు పూడ్చడానికి రెండు ట్యూబుల జిగురు కలిపి, అందులో రాతిపొడి వేసి పూస్తారు. అయితే పూజకి పోయే విగ్రహానికి అతుకు పెట్టరట. భిన్నమైతే పక్కన పెట్టేయడమే. జిగురు పని అంతా పార్కు బొమ్మలకీ, ఇళ్లలో పెట్టుకునే అలంకారం బొమ్మలకీనే. ఇది నాకు కొత్త సంగతి.

ఇక మందు. మెడికల్ షాపులో చెయ్యి చూపిస్తే ఒక ట్యూబు ఇచ్చారట. రాస్తే రెండు రోజుల్లో మాయం. ఆపితే వారంలో మళ్లీ. ఇప్పుడు మూడో ట్యూబు. తిప్పి చూశా, స్టెరాయిడ్ క్రీము. ఇలాంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. మన వీధుల్లో మాత్రం చాక్లెట్ అడిగినట్టు అడిగితే చాలు. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడిపోతుంది. ముఖం తెల్లబడుతుందని ఇవే క్రీములు రాసుకునే వాళ్లు మీ ఫ్రెండ్స్‌లోనే ఉంటారు, ఒకసారి ట్యూబు వెనక్కి తిప్పి చదవమనండి.

సరే, పోయిన వారం స్కిన్ యాప్‌ల గురించి రాస్తానని మాటిచ్చా కదా. అసలు చర్మం బాగుందో లేదో కొలవాలంటే ఏం కొలవాలి? ఫొటోలో కనబడేది రంగూ, నీడా, గీతలూ. చర్మం మీద జరిగే కథ రసాయనాలది. ఆమ్లం ఎంత, ఉప్పు ఎంత, లాక్టేట్ ఎంత, ఏ ప్రొటీన్ ఎంత. వాటిని పట్టుకునేవే సెన్సర్లు.

వాటిలో అన్నిటికంటే తేలిగ్గా దొరికేది పీహెచ్. ఆరోగ్యంగా ఉన్న చర్మం పైపొర కొంచెం పులుపు. పీహెచ్ 4.5 నుంచి 5.5 దగ్గర ఉంటుంది. 1928లో షాడే, మార్కియోనిని అనే ఇద్దరు జర్మన్ వైద్యులు దీనికి 'ఆమ్ల కవచం' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ పులుపు ఉన్నంతసేపు చర్మంలోని కొవ్వుల గోడ గట్టిగా ఉంటుంది, చెడ్డ సూక్ష్మజీవులకి అంత తేలిగ్గా చోటు దొరకదు. మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. పీహెచ్‌లో ఒక అంకె తేడా అంటే పది రెట్లు. 5 నుంచి 9కి అంటే నాలుగు అంకెలు కాదు, పది వేల రెట్లు. చర్మం దాన్ని మెల్లగా సరిచేసుకుంటుంది, కొన్ని గంటలు పడుతుంది. రోజుకి పదిసార్లు బట్టల పౌడరుతో కడిగితే సరిచేసుకునే టైమేదీ? (రీల్స్ చూసి నిమ్మరసం, వంటసోడా కలిపి ముఖానికి పూసేవాళ్లకి: నిమ్మరసం 2 చిల్లర, వంటసోడా 8 చిల్లర. రెండు వైపుల నుంచీ కొడుతున్నారు.)

నిజం చెప్పాలంటే పీహెచ్ కాగితం బయోసెన్సర్ కాదు. రసాయనాన్ని పట్టే మామూలు సెన్సర్ అంతే. బయోసెన్సర్ అనాలంటే అందులో ప్రాణమున్న వాటి నుంచి వచ్చిన ముక్క ఒకటి ఉండాలి. ఎంజైమో, యాంటీబాడీయో. అది తనకి కావలసిన రసాయనాన్ని మాత్రమే గుర్తుపడుతుంది. పక్కనున్న భాగం ఆ సంగతిని కరెంటుగానో రంగుగానో మారుస్తుంది. మా జేజి రోజూ పొద్దున్నే కాఫీకి ముందు వేలు పొడుచుకుని వాడేది అదే. షుగర్ మిషన్. ఆ స్ట్రిప్పు చివర ఎంజైము పూత ఉంటుంది. అది నెత్తుట్లో గ్లూకోజ్‌ని పట్టుకుంటే పుట్టే కరెంటును మిషన్ లెక్కపెడుతుంది. ఈ ఆలోచనకి 1962లో బీజం వేసింది అమెరికాలో లీలండ్ క్లార్క్. ఎంజైముల సంగతి తెలియకుండానే మా జేజి పదేళ్లుగా బయోసెన్సర్ వాడుతోంది, నేనేమో ట్యూబ్‌లైట్ కింద సెల్ఫీలు దిగుతున్నా.

చర్మం నుంచి రోగం పట్టుకోవడం ఎక్కడ మొదలైందో తెలిస్తే నంద్యాల వాళ్లకి నచ్చుతుంది, ఎందుకంటే అది ఎండ కథ. 1948 వేసవిలో న్యూయార్క్‌లో విపరీతమైన వేడి. వడదెబ్బతో ఆస్పత్రికి వచ్చిన పసిపిల్లల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే ఊపిరితిత్తుల, జీర్ణాశయ జబ్బున్న వాళ్లు ఎక్కువగా ఉన్నారని పాల్ డి సాంట్ఆగ్నీస్ అనే డాక్టరు గమనించాడు. ఎందుకు వీళ్లే? వెతికితే తేలింది, వాళ్ల చెమటలో ఉప్పు మామూలు కంటే చాలా ఎక్కువ. 1953లో ఆ సంగతి అచ్చయింది. 1959లో గిబ్సన్, కుక్ అనే ఇద్దరు పద్ధతి ఖాయం చేశారు. ముంజేతి మీద మందు పెట్టి, కొద్దిపాటి కరెంటుతో లోపలికి పంపి, అక్కడ మాత్రమే చెమట పట్టించి, అందులో క్లోరైడ్ కొలుస్తారు. లీటరుకు 60 మిల్లీమోల్స్ దాటితే ఆ జబ్బే అనుకుంటారు. ఇప్పటికీ ఇదే పరీక్ష. సూది లేదు, నెత్తురు లేదు.

ఇక రంగు చూసి లెక్కపెట్టడం అనే విద్యలో మన తెలుగాయన పేరు ఒకటి ప్రపంచమంతా తెలుసు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి నెత్తురు, మూత్రాల్లో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. మందు కలిపితే నీలం రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని బయోకెమిస్ట్రీ చదివే పిల్లలు ఇప్పటికీ ల్యాబులో చేస్తారు. సరిగ్గా అదే సూత్రం ఈ కాలంలో అతికించుకునే ప్యాచ్‌లోకి వచ్చింది. 2019 జనవరిలో లాస్ వేగస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో లోరియల్ కంపెనీ చర్మం పీహెచ్ కొలిచే ప్యాచ్ చూపించింది. వెంట్రుకంత సన్నని కాలువల్లోకి చెమట తనంతట తనే ఎక్కుతుంది, మధ్యలో చుక్కలు రంగు మారతాయి, ఫోన్‌తో ఫొటో తీస్తే అంకె చెబుతుంది. 2025లో అదే ప్రదర్శనకి బుగ్గ మీద టేపు అంటించి తీసి, దానికి అంటుకున్న ప్రొటీన్లని అయిదు నిమిషాల్లో కొలిచే చిన్న డబ్బా తెచ్చారు.

ఆ ప్యాచ్ నాకెక్కడ దొరుకుతుంది? కాలేజీ ల్యాబులకి సామాను అమ్మే షాపుకి పోయి పీహెచ్ కాగితాల డబ్బా కొన్నా. 4 నుంచి 8 దాకా చూపించే రకం. డిస్టిల్డ్ వాటర్ కావాలంటే బ్యాటరీ షాపులో సీసా తెచ్చా. చర్మం మీద చుక్క నీళ్లు, దాని మీద కాగితం, కాసేపు అదిమి, రంగు డబ్బా మీది రంగులతో పోల్చి చూడటం. బావ నవ్వాడు. "ఇదేందిరా, టెన్త్‌లో చూసినాం గదా" అన్నాడు.

ముంజెయ్యి 5 చిల్లర. బాగుంది. పౌడరుతో కడిగిన చెయ్యి వెనక వైపు 7కి దగ్గర. అరగంట తర్వాత కూడా పెద్దగా దిగలేదు. ఎండలో చూస్తే ఒక రంగు, షెడ్డు నీడలో ఇంకో రంగు కనబడుతోంది, అందుకని ప్రతిసారీ గుమ్మం దగ్గరే చూశాం. ప్యాచ్‌లు చేసేవాళ్లు కూడా పక్కనే తెలిసిన రంగులు అచ్చేస్తారు, ఫోన్ వాటితో పోల్చుకోడానికి. నా యాప్‌కి ఆ బుద్ధి ఉంటే మెట్లు దిగినందుకు 13 మార్కులు కలిపేది కాదు.

ఆ రోజే పౌడరు డబ్బా, థిన్నరు సీసా పక్కన పెట్టించా. సబ్బు కాని మైల్డ్ లిక్విడ్, కడిగాక పెట్రోలియం జెల్లీ. వారం రోజులు పొద్దునా సాయంత్రం కాగితం ఫొటో వాట్సాప్‌లో పంపాలి. బావ పాపం తప్పకుండా పంపాడు. 6.5, 6, 5.5. అరచేతి వెనక మంట తగ్గింది, చర్మం మెత్తబడింది. నేను నంద్యాలలో కూర్చుని డాక్టరయిపోయినంత పోజు కొట్టా. ఈ కాలమ్ కూడా రాయడం మొదలుపెట్టేశా. 'మూడు రూపాయల కాగితం చేసిన మేలు' అని హెడ్డింగ్ కూడా రాసుకున్నా.

ఎనిమిదో రోజు రెండు ఫొటోలు వచ్చాయి. కాగితం మీద 5.5. వేళ్ల సందుల్లో మళ్లీ నెత్తురు. ఇంకోటి, రెండు కళ్ల రెప్పలూ ఉబ్బి ఉన్నాయి. "నెంబరు బాగుండాది రా, చెయ్యే బాలేదు" అని రాశాడు.

నాకు మాట రాలేదు. వారం ముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సింది నేను. కాగితం రంగు దిగుతుంటే చూసి సంబరపడ్డా.

మర్నాడే నంద్యాలలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయాం. నా నోట్‌బుక్ చూసి ఆవిడ తిట్టలేదు. "కడుక్కునే పద్ధతి మార్పించావు, మంచిదే. కానీ ఇది ఒక ప్రశ్నకే జవాబు" అన్నారు. తర్వాత బావని అడిగిన మొదటి ప్రశ్న: "రెప్పలు ఎప్పుడు ఉబ్బాయి? ఆ రోజు ఏం పని చేశావు?" బావ ఆలోచించి చెప్పాడు, జిగురు కలిపి పగుళ్లు పూడ్చిన రోజు.

ప్యాచ్ టెస్ట్ చేద్దామన్నారు. ప్యాచ్ అనగానే నాకు ఆ లాస్ వేగస్ ప్యాచే గుర్తొచ్చి ఫోన్ తీశా. కాదు. ఇది ఇంకా పాత విద్య. చిన్న చిన్న గిన్నెల్లాంటి బిళ్లల్లో ఒక్కో అనుమానితుణ్ణి పెట్టి, వరసగా వీపుకి అంటిస్తారు. సిమెంటులో ఉండే క్రోమేటు, గిల్టు నగల్లోని నికెల్, సెంట్లు, రబ్బరు రసాయనాలు, ఎపాక్సీ రెసిన్, ఆఖరికి మన పొలం గట్ల మీద పెరిగే వయ్యారిభామ కూడా మన దేశం వరసలో ఉంటుంది. రెండు రోజులు తీయకూడదు, తడపకూడదు. రెండో రోజు తీసి చూస్తారు, ఒకట్రెండు రోజులాగి మళ్లీ చూస్తారు. ఎక్కడ ఎర్రబడి దద్దు లేస్తే అదే దొంగ. ఇందులో మిషన్ ఏదీ లేదు. గుర్తుపట్టేది మనిషి ఒంట్లోని రోగనిరోధక కణాలే, రంగు మారేది వీపే.

చెమట పడితే బిళ్లలు ఊడిపోతాయి. మార్చిలో నంద్యాలలో చెమట పట్టకుండా ఉండటం అంటే మాటలా? బావని మా ఇంట్లోనే కూలర్ ముందు బోర్లా పడుకోబెట్టాం. జేజి వచ్చి వీపు చూసి, "ఏంరా, క్యాలెండర్ అంటించినారా?" అంది. రెండు రోజులు స్నానం లేదు, పని లేదు, ఉగాది దగ్గరికొస్తోంది. మేస్త్రీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. బావ పైకి జోకులేస్తూనే ఉన్నాడు గానీ రాత్రి పన్నెండింటికి చూస్తే నిద్రపోకుండా చేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. "ఈ పని కాకుండా నాకు ఇంకోటి రాదు రా" అన్నాడు. నేను ఫోన్ పక్కన పెట్టేశా.

బిళ్లలు తీసిన రోజు ఒకటి ఎర్రగా ఉంది. నాలుగో రోజుకి దాని మీద సన్నటి పొక్కులు లేచాయి. ఎపాక్సీ. అంటే ఆ రెండు ట్యూబుల జిగురే. గట్టిపడిన జిగురుతో పెద్ద గొడవ లేదట, కలిపేటప్పుడు, సరిగ్గా ఆరకముందు రుద్దేటప్పుడే ప్రమాదం. గాల్లోకి లేచింది రెప్పల మీద పడితే ఉబ్బడం అందుకే. ఒకసారి ఒళ్లు దాన్ని శత్రువుగా రాసుకుందంటే ఇక మర్చిపోదు. ఇంకో మాట కూడా చెప్పారు. షెడ్డులో వేసుకునే పల్చటి రబ్బరు గ్లౌజుల్లోంచి ఎపాక్సీ నేరుగా దూరిపోతుంది, కాబట్టి అవి వేసుకున్నా వేసుకోనట్టే. నైట్రైల్ గ్లౌజులు, అవీ కొద్దిసేపటికే, తరచూ మార్చుకోవాలి. అన్నిటికంటే మేలు ఆ పని ఇంకొకరికి అప్పగించడం. పీహెచ్ కాగితం దీన్ని ఏ జన్మలోనూ చెప్పలేదు. దాని పని పులుపు చూడటం, అది చూసింది.

వస్తూ వస్తూ డాక్టరమ్మని అడిగా, చెమట ప్యాచ్‌లు వస్తే ఇవన్నీ ఇంట్లోనే తెలుస్తాయా అని. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. తర్వాత చదివితే అర్థమైంది ఎందుకో. 2016లో కాలిఫోర్నియాలో వే గావ్, అలీ జావే బృందం చెమటలో గ్లూకోజ్, లాక్టేట్, సోడియం, పొటాషియం ఒకేసారి కొలిచే పట్టీ చేసింది. దాంట్లో చర్మం వేడిని కొలిచే సెన్సర్ కూడా పెట్టాల్సి వచ్చింది, ఎందుకంటే వేడి మారితే ఎంజైము వేగం మారుతుంది, అంకె తప్పు వస్తుంది. 45 డిగ్రీల మే నెలలో, మా బావ షెడ్డులో ఆ పట్టీ ఏమంటుందో ఊహించుకోండి. పైగా చెమట ఎంత జోరుగా కారితే అందులో ఉప్పు అంత ఎక్కువగా వస్తుంది, చర్మంలోని నాళానికి ఉప్పుని వెనక్కి లాక్కునే టైము చిక్కదు కాబట్టి. కొన్నాళ్లు ఎండకి అలవాటు పడిన ఒళ్లు మళ్లీ ఉప్పు పొదుపు చేస్తుంది. అదే మనిషి, అదే రోజు, పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఒక అంకె. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తూ కొలిచారో తెలియకుండా ఆ అంకెకి అర్థం లేదు. డాక్టరమ్మ మొదట అడిగింది కూడా అదే కదా, "ఆ రోజు ఏం పని చేశావు?"

ఇప్పుడు జిగురు కలిపే పని షెడ్డులో ఇంకో కుర్రాడు చేస్తున్నాడు. వాడికి ముందే నైట్రైల్ గ్లౌజుల డబ్బా కొనిపెట్టించా, బట్టల పౌడరు సంగతి కూడా చెప్పా. బావ స్టెరాయిడ్ ట్యూబు డాక్టరమ్మ చెప్పిన లెక్కలోనే వాడి ఆపేశాడు. బొమ్మలు ఉగాదికి కాలేదు, పన్నెండు రోజులు లేటు. పార్టీ కొంచెం డబ్బు కోసుకుంది.

మొన్న పంపేముందు ఫొటో పెట్టాడు. నల్లరాతి అమ్మాయి, చేతిలో దీపం, పక్కన బావ. ఈసారి పిడికిలి పూర్తిగా మూసి, బొటనవేలు పైకెత్తి చూపిస్తున్నాడు. నాకు ఆ యాప్ గుర్తొచ్చింది. తీసేయబోతూ, ఆఖరిసారి ఆ బొమ్మ ముఖం మాత్రం కత్తిరించి పెట్టి చూశా. ఈసారి ముఖం వెంటనే కనబడింది దానికి.

"చర్మం వయసు 19. తేమ బాగుంది. 93."